పెద్దకోడలికి మెడ పట్టేసింది

ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ ఇల్లు చిన్నకోడలిది. వారంలో మిగిలిన గంటలన్నీ ఎవరెవరివో. ఈ మూడు గంటలు మాత్రం ఆమె ఎవరికీ వదిలిపెట్టదు. ఎనిమిదయ్యేసరికి మామగారు చేతికర్ర, టోపీ, ఫ్లాస్కు పట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని సరస్సుకు బయలుదేరతారు. తండ్రీకొడుకులు మోటారు బోటులో నీళ్లమీద తిరుగుతున్నంతసేపూ ఆమె కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, రెండో కప్పు కాఫీతో పేపరును పైఅక్షరం నుంచి కిందిఅక్షరం దాకా చదువుతుంది. ఆ మూడు గంటలూ "నా కళ్లజోడు ఎక్కడుందమ్మా" అనే ప్రశ్న ఆ ఇంట్లో వినపడదు.

ఆ ఇంటికి ఆమె ఒక్కతే కోడలు. అయినా చిన్నకోడలే. ఆమె పెళ్లికి ఆరేళ్ల ముందు మామగారు ఆ బోటు కొన్నారు. ముందొచ్చింది కనుక అది పెద్దకోడలు, వెనకొచ్చింది కనుక ఈమె చిన్నకోడలు అని ఆమె కాపురానికొచ్చిన రోజే తేల్చేశారు. పెద్దకోడలి ఉనికి సరస్సు ఒడ్డున, రేవు మెట్ల పక్కన. ఒంట్లో బాగా లేకపోతే మాత్రం చక్రాల బండి ఎక్కి ఇంటికొచ్చి షెడ్డులో పడుకుంటుంది. అప్పుడు కారు వెళ్లి వానలో నిలబడుతుంది. పెద్దకోడలికి ఏటా కొత్త రంగు. వంటింటి గోడలకు రంగు పడి పదకొండేళ్లయింది. చిన్నకోడలు ఇవన్నీ గమనిస్తూనే ఉంటుంది కాని, ఆదివారం మూడు గంటలు గుర్తుకు రాగానే మనసు మెత్తబడి పెద్దకోడలిని క్షమించేస్తుంది.

అలాంటి పెద్దకోడలికి రెండు వారాల కిందట మెడ పట్టేసింది. స్టీరింగు చక్రం ఎటూ తిరగలేదు. బోటు ఇంటికొచ్చింది. రెండు ఆదివారాలు మామగారు ఇంట్లోనే ఉన్నారు. మొదటి ఆదివారం వంటింటి గుమ్మంలో నిలబడి కూరలు ఎలా తరగాలో చెప్పారు. రెండో ఆదివారం, పాపం తోచక, డబ్బాలన్నిటినీ అక్షరక్రమంలో సర్దారు. ఆ తరవాత చిన్నకోడలికి చక్కెర దొరకడానికి రెండు రోజులు పట్టింది.

ఇవన్నీ అలా ఉంచితే, రేవు ఆఫీసు నుంచి ఏటా జరిగే తనిఖీకి చివరి నోటీసు వచ్చింది. ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపల బోటు తెచ్చి, నీళ్లలో తేలే ఎర్ర పీపా చుట్టూ ఒక చుట్టు తిప్పి చూపించాలి. లేకపోతే మెట్ల పక్క స్థలం ఇంకొకరికి పోతుంది. వీళ్లకు చివరి గట్టు దగ్గర ఇస్తారు. అక్కడ మెట్లుండవు, ఇనుప నిచ్చెన ఉంటుంది. మామగారి మోకాళ్లు నిచ్చెన మాట ఎత్తితేనే ఒప్పుకోవు.

మామగారు నోటీసు రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నారు. "పోనీలే. ముప్ఫై ఏళ్లూ అవే నీళ్లు. ఎన్ని చూస్తాం?" అన్నారు. అన్నారే కాని, శనివారం సాయంత్రం ఎప్పటిలాగే గుడ్డబూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. చిన్నకోడలు ఆ బూట్లు చూసింది.

* * *

"గంట పని," అన్నారు డాక్టరుగారు ఆదివారం పొద్దున ఏడున్నరకు, కొత్త కేబుల్ చుట్టను భుజానికి తగిలించుకుంటూ. "పాతది లాగెయ్యడం, కొత్తది దూర్చెయ్యడం. నువ్వు కాస్త పక్కన నిలబడి కాగితం చదివి పెట్టవోయ్. నా చేతులు గ్రీజుగా ఉంటాయి."

"ఎంతసేపు?"

"గంటన్నానుగా."

డాక్టరుగారంటే ఆమె భర్త. పళ్ల డాక్టరు. హస్తవాసి, ఓర్పు రెండూ ఉన్న మనిషి. ఉన్న లోపమల్లా ఒక్కటే, కుడి ఎడమలు తెలియవు. ఇరవై ఏడేళ్లుగా ఎదురుగా కూర్చున్నవాళ్ల నోళ్లలోకి చూసి చూసి, ఎదుటివాళ్ల కుడి తన ఎడమ అయిపోయింది. నోట్లో ఉన్నంతసేపూ ఆయన ఏనాడూ దారి తప్పలేదు. నోరు దాటి బయటికొస్తేనే చిక్కు. "కుడికి తిప్పండి" అంటే కారు ఎడమకు పోతుంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఒక స్నేహితుడి పెళ్లికని బయలుదేరి, అవతలి వీధిలో ఎవరిదో సంతాపసభలో ముందు వరసలో కూర్చుని వచ్చారు. ఆ రోజే చిన్నకోడలు ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ తరవాత ఆమె కుడికి వెళ్లాల్సినచోట "ఎడమకి" అంది, ఎడమకు వెళ్లాల్సినచోట "కుడికి" అంది. కారు ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్లింది. "చూశావా, నా అలవాటు పోయింది" అన్నారు డాక్టరుగారు. "అవునండీ" అంది చిన్నకోడలు. ఇరవై నాలుగేళ్లుగా ఆ సంసారంలో దారి తప్పడమనేది లేదు.

షెడ్డులో మామగారు అప్పటికే కుర్చీ వేసుకుని, కర్ర మీద గడ్డం ఆనించి, ఆపరేషను గది బయట కూర్చున్నవాడిలా చూస్తున్నారు.

పడవ స్టీరింగులో పెద్ద మర్మమేమీ లేదు. ముందు చక్రం. చక్రం వెనక చిన్న గేరు పెట్టె. అందులోంచి బయలుదేరిన కేబుల్ బోటు పక్క గోడ వెంట వెనక్కి పోయి, ఇంజను దగ్గర ఒక ఇనుప గొట్టంలో దూరుతుంది. చక్రం తిప్పితే కేబుల్ చివరి కడ్డీ గొట్టంలో ముందుకీ వెనక్కీ జరిగి ఇంజనును అటూ ఇటూ తిప్పుతుంది. ముప్ఫై ఏళ్ల గ్రీజు రాయిలా గట్టిపడి, తుప్పుతో చెయ్యి కలిపి, ఆ కడ్డీని గొట్టంలో బిగించేసింది.

డాక్టరుగారు ముందు తన పంటి అద్దం పెట్టి గొట్టంలోకి చూశారు. "వేరు లోతుగా ఉంది," అన్నారు. తరవాత సన్నటి కొక్కెంతో గ్రీజు గీకారు. నూనె పోశారు. చిన్నకోడలి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెప్పించి, గొట్టానికి అరగంట వేడి గాలి పట్టించారు. అది పొగ కక్కి కన్ను మూసింది. వంటింట్లోంచి అప్పడాల కర్ర తెప్పించి తట్టారు. కర్ర రెండు ముక్కలయింది. కడ్డీ మాత్రం వెంట్రుకవాసి జరగలేదు.

"గంటయింది," అంది చిన్నకోడలు.

"ఇలాంటివి తొందరపెట్టకూడదు. నెమ్మదిగా కదిలించాలి."

"మీ పేషెంటు దానికి ఒప్పుకుంటుందేమో కాని, మధ్యాహ్నం పన్నెండు ఒప్పుకోదు."

అప్పుడే ఆమె ఆయన ఎడమ చేతి బొటనవేలు చూసింది. దానికి పళ్ల సందులు శుభ్రం చేసుకునే తెల్ల దారం మూడు చుట్లు చుట్టి ముడివేసి ఉంది.

"ఆ దారమేంటండీ? వేలు తెగిందా?"

"అబ్బే. ఊరికే, గుర్తుకి," అని ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.

గుచ్చిగుచ్చి అడగడానికి ఆమెకు తీరిక లేదు. తొమ్మిదిన్నర కావస్తోంది. డాక్టరుగారు పెద్ద సుత్తి, పెద్ద పటకారు తెచ్చారు. అదే సమయంలో వీధిగేటు తీసుకుని ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. కుడి చెంప చపాతీ ముద్దలా ఉబ్బి, దానికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పళ్ల డాక్టరుగారి ఇల్లని ఎవరో చెప్పి పంపారు. అతను షెడ్డు దాకా వచ్చి, లోపలి మాటలు వినపడి ఆగాడు.

"వేరు దాకా కుళ్లిపోయింది, నాన్నా. ఇది మామూలుగా ఊడదు. సుత్తి అందుకో."

"మత్తుమందేమీ లేకుండానే లాగుతావురా?"

"ఇప్పుడింకా మత్తేంటి! నువ్వు నడుం పట్టుకోవోయ్. గట్టిగా. అరిచినా వదలకు. ఒకటి, రెండు..."

ఢామ్మని చప్పుడయింది. ఏదో గిలగిల్లాడినట్టు కిర్రుమంది. "వచ్చేసింది!" అన్న కేక వెనకాలే, మోచేతుల దాకా నల్లబడిన డాక్టరుగారు రెండడుగుల ఇనుప కడ్డీ పటకారుతో పట్టుకుని, ఎర్రటి తుప్పునీళ్లు కారుతుండగా షెడ్డులోంచి బయటికొచ్చారు.

"రండి, రండి!" అన్నారు ఆ మనిషిని చూసి, ఆనందం పట్టలేక. "ఏ పన్ను?"

"పన్నా? అబ్బే, లేదండీ. ఏ పన్నూ కాదు. ఊరికే... ఇల్లెక్కడో చూసిపోదామని," అంటూ ఆ మనిషి వెనక్కి నడిచి, గేటు దాటాక ముందుకు తిరిగి, మలుపు దాకా పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. రుమాలు గేటు దగ్గర పడిపోయింది.

"భయస్థుడు," అన్నారు డాక్టరుగారు.

* * *

కొత్త కేబుల్ దూర్చడం నిజంగానే సులువు. గ్రీజు పూసి కడ్డీని గొట్టంలో పెడితే, వెన్నలో కత్తిలా దిగింది. ఇక మిగిలింది రెండో కొస. చక్రం వెనక ఉన్న గేరు పెట్టెకు రెండు నోళ్లున్నాయి, ఒకటి కుడిపక్క, ఒకటి ఎడమపక్క. పాత కేబుల్‌ను తొందరలో పీకేటప్పుడు ఏ నోట్లోంచి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"నువ్వు చదువు," అన్నారు డాక్టరుగారు చక్రం కింద పడుకుని. "ఏ పక్కో అందులో ఉంటుంది."

చిన్నకోడలు కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంది. 'ఇంజను వెనక ఉండే బోట్లలో కేబులును గేరు పెట్టెకు కుడివైపు నోటిలో దూర్చవలెను' అని సన్నటి అక్షరాల్లో ఉంది. ఆమె కళ్లు 'కుడి' అని చదివాయి. ఇరవై నాలుగేళ్ల సాధన ఉన్న నోరు తన పని తాను చేసేసింది.

"ఎడమవైపు," అంది.

డాక్టరుగారు వెంటనే దూర్చలేదు. తండ్రిగారి బోటు, తండ్రిగారి స్థలం. ఈ ఒక్క రోజూ పొరపాటు రాకూడదని తెల్లారగట్లే లేచి, అన్నం తినే చెయ్యి ఏదో గుర్తు చేసుకుని, రెండో చేతి బొటనవేలికి దారం కట్టుకున్నారు ఆయన. ఇప్పుడు ఆ బొటనవేలిని కళ్లముందు పెట్టుకుని, దారం ఉన్నది ఎడమ అని మనసులో రెండుసార్లు అనుకుని, కేబులును ఎడమవైపు నోట్లోనే దూర్చి బిగించారు.

"సరిగ్గా చూశారా?"

"ఇంతకన్నా సరిగ్గా చూడ్డం ఎవరి వల్లా కాదు."

ఆ విధంగా ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఎంతో జాగ్రత్తపడ్డారు.

మామగారిని బోటులోకి ఎక్కించి చక్రం తిప్పమన్నారు. ఆయన రెండు చేతులతో తిప్పారు. వెనక ఇంజను బరువుగా, నున్నగా కదిలింది.

"తిరిగిందా?"

"తిరిగింది నాన్నా!"

"అమ్మయ్య! మెడ తిరిగిందమ్మాయీ, నా పెద్దకోడలి మెడ తిరిగింది!" అన్నారు మామగారు. ఆయన కళ్లు కొంచెం తడిగా ఉన్నాయి. అసలు తిరిగిందన్న సంబరంలో ఎటు తిరిగిందని ఎవరూ అడగలేదు.

* * *

పదిన్నరకు బయలుదేరారు. ముందు కారు, దాని వెనక చక్రాల బండి మీద పెద్దకోడలు. రోజూ వెళ్లే దారిని నీళ్ల గొట్టాల కోసం తవ్వేశారు కనుక వీధుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆ వీధులు తెలిసింది చిన్నకోడలికే. అందుకని ఆమెనూ ముందు సీట్లో కూర్చోబెట్టారు. మామగారు తన సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నారు.

మొదటి కూడలిలో ఎడమకు పోవాలి. "కుడికండీ," అంది చిన్నకోడలు ఎప్పటిలాగే.

డాక్టరుగారు స్టీరింగు మీదున్న బొటనవేలు ఒకసారి చూసి, కుడికి తిప్పారు.

ఆమె తుళ్లిపడింది. పరాకుగా ఉన్నారు కాబోలనుకుంది. రెండో కూడలిలో కుడికి పోవాలి. "ఎడమకి, ఎడమకి," అంది ఈసారి గట్టిగా. కారు బుద్ధిగా ఎడమకు తిరిగి, రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి ఆగాల్సినంత ఇరుకు సందులో దూరింది. ఇరుపక్కలా బాల్కనీలు. పైనుంచి వేలాడుతున్న ఎవరిదో పసుపుపచ్చ దుప్పటి బోటు ఇంజనుకు చిక్కుకుని జెండాలా వెంట వచ్చింది. ఒక ముసలావిడ పైనుంచి ఏదో అంది. అది ఆశీర్వాదం మాత్రం కాదు.

"ఈ పక్కకెందుకు తిప్పారు?"

"నువ్వే కదోయ్ చెప్పావు!"

"చెప్పాననుకోండి..." అని ఆమె ఆగిపోయింది. అంతకన్నా ఏం చెప్పగలదు?

ఇంకో రెండు మలుపులు. ఆమె ఎంత జాగ్రత్తగా తిప్పి చెబితే ఆయన అంత శ్రద్ధగా విన్నారు. ఇరవై నిమిషాల తరవాత కారు ఒక గేటు ముందుకొచ్చి ఆగింది. గేటు దగ్గర ఒక రుమాలు పడి ఉంది.

"ఇది మనిల్లేగా?" అన్నారు మామగారు. "ఏమన్నా మరిచిపోయామా?"

తరవాత ఆయన ముందుకు వంగి కోడలి చెవి దగ్గర గొంతు తగ్గించారు. "అమ్మాయీ, వీడికి ఒంట్లో బాగుందంటావా? పొద్దున్నించీ చెప్పింది చెప్పినట్టు వింటున్నాడు."

చిన్నకోడలి తల ప్రాణం తోకకొచ్చింది. పదకొండు దాటింది. వెనక్కి తిరిగితే మామగారి గుడ్డబూట్లు తెల్లగా కనపడుతున్నాయి. ఆమె ఇక తెగించి, ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి, ఎడమకు వెళ్లాల్సినచోట "ఎడమ" అనీ, కుడికి వెళ్లాల్సినచోట "కుడి" అనీ అంది. కారు తిన్నగా సరస్సుకు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

రేవులో బండిని వెనక్కి నడిపి బోటును నీళ్లలోకి దించాలి. అది అందరికీ వచ్చే విద్య కాదు. వెనకున్న బండి ఎడమకు పోవాలంటే కారు చక్రం కుడికి తిప్పాలి. మహామహా డ్రైవర్లు అక్కడ చెమటలు కక్కుతారు. డాక్టరుగారు మాత్రం ఎప్పటిలాగే, ఎవరూ ఏమీ చెప్పకుండా, ఒక్క ఊపున తిన్నగా దించేశారు. ఒడ్డున ఉన్నవాళ్లు తలలూపారు.

టైము పదకొండూ ముప్ఫై రెండు. చేతిలో పుస్తకం పట్టుకుని తనిఖీ ఆఫీసరు మెట్లమీదికి వచ్చాడు. కొత్తగా వచ్చినవాడు. కుడి చెంప ఉబ్బి ఉంది. రుమాలు లేదు.

"మీరా!" అన్నారు డాక్టరుగారు.

ఆఫీసరు రెండు మెట్లు వెనక్కి ఎక్కాడు. తరవాత తన ఉద్యోగం గుర్తొచ్చి నిలబడ్డాడు. "పన్నెండుకి పుస్తకం మూసేస్తాను. ఎక్కండి. ఆ పసుపు జెండా దేనికి?"

"అది జెండా కాదండీ, దుప్పటి," అంది చిన్నకోడలు.

ఆఫీసరు పుస్తకం చంకలో పెట్టుకుని బోటెక్కాడు.

* * *

చిన్నకోడలికి బోటు ఎక్కే ఉద్దేశం ఏ కోశానా లేదు. మామగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, సీట్లో కూర్చోబెట్టి పైకి వచ్చేద్దామనుకుంది. ఆయన చెయ్యి వదిలేలోపల బోటు కదిలింది.

కొంతదూరం తిన్నగా పోయింది. ముందర, కుడిపక్కన ఎర్ర పీపా తేలుతోంది. ఎడమపక్కన ఒక చిన్న పడవలో గొడుగు వేసుకుని ఒకాయన గాలంతో చేపలు పడుతున్నాడు.

"కుడికి తిప్పండి. పీపా చుట్టూ," అన్నాడు ఆఫీసరు.

డాక్టరుగారు బొటనవేలు చూసుకున్నారు. చక్రం కుడికి తిప్పారు. బోటు ఎడమకు తిరిగింది.

"కుడికండీ!"

"కుడికే!" అంటూ ఆయన ఇంకా కుడికి తిప్పారు. బోటు ఇంకా ఎడమకు తిరిగి గొడుగు వైపు బయలుదేరింది.

"కుడి! కుడి!" ఆఫీసరు కేక పెట్టి, ఆ కేకకు చెంప సలిపి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏవండోయ్!" అని అరిచాడు గొడుగాయన, గాలం చుట్టుకుంటూ. "నా మీదికేనా? నేనేం చేశానండీ మీకు?"

"పెద్దకోడలికి పిచ్చెక్కిందిరా! ఇంజను ఆపు!" అన్నారు మామగారు.

ఇంజను ఆగింది. బోటు గొడుగాయన పడవకు మూరెడు దూరంలో నిలిచి నెమ్మదిగా ఊగింది. ఆయన, ఆఫీసరు, డాక్టరుగారు ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నకోడలు మాత్రం చక్రం మీదున్న బొటనవేలినే చూస్తోంది.

"ఏవండీ. ఆ దారం ఎందుకు కట్టుకున్నారు? నిజం చెప్పండి."

డాక్టరుగారు తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నారు. "ఎడమ చెయ్యేదో గుర్తుండడానికి. నాన్న బోటు కదా. ఈ ఒక్కరోజు తప్పకూడదనుకున్నాను."

"అయితే పొద్దున్న నేను చెప్పింది చెప్పినట్టే చేశారా?"

"అక్షరం పొల్లు పోకుండా."

చిన్నకోడలు దొరికిన చోట కూలబడింది. "నేను తిప్పి చెప్పానండీ. కాగితంలో కుడి అనుంది. నేను ఎడమన్నాను."

"ఎందుకు?"

"అలవాటు. కుడంటే ఎడమ, ఎడమంటే కుడి. ఇవాళ ఒక్కరోజు కాదు. ఇరవై నాలుగేళ్ల నుంచీ."

డాక్టరుగారు చక్రం వదిలేసి ఆమె వైపు తిరిగారు.

"అంటే..." అన్నారు డాక్టరుగారు. "మీ పెద్దమ్మగారి ఊరికి ఒక్కసారి కూడా తప్పిపోకుండా వెళ్లామే, అది..."

"అవును."

"మన పాప పుట్టిన రోజు, ఆసుపత్రికి..."

"నొప్పులు పడుతూ కూడా తిప్పే చెప్పాను."

డాక్టరుగారు తండ్రి వైపు తిరిగారు. "నీకు తెలుసా నాన్నా?"

"మూడో నెలలోనే తెలిసింది," అన్నారు మామగారు తాపీగా. "చెబితే నువ్వు బాగుపడతావేమో, అప్పుడు అందరం కలిసి తప్పిపోతామేమోనని ఊరుకున్నాను."

"మీ ఇంటి సంగతులు బాగున్నాయి," అన్నాడు ఆఫీసరు చెంప పట్టుకునే. "కాని పదకొండూ నలభై ఆరు."

"ఇప్పుడింకేం చేస్తాం. కేబుల్ మార్చాలంటే గంట పని," అన్నారు డాక్టరుగారు. ఆ మాటకు మామగారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. మెట్ల పక్క స్థలం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నారు. ఆ చూపు చిన్నకోడలి కంట్లో పడింది.

ఆమె బుర్ర గబగబా పనిచేసింది. బోటు తిరకాసుగా తిరుగుతోంది. ఈయన పుట్టుబుద్ధీ తిరకాసే. రెండు తిరకాసులకీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్కటే.

"దారం విప్పెయ్యండి!"

"ఏంటి?"

"విప్పెయ్యండి అంటున్నాను! ఎప్పుడూ ఎలా ఉంటారో అలా ఉండండి!"

ముడి బిగుసుకుపోయింది. ఆమె ఆయన వేలు లాక్కుని దారం కొరికింది. పళ్లకోసం చేసిన దారం పళ్లకు లొంగుతుందా? చివరికి పొద్దుటి గ్రీజే ఆదుకుంది. ఒక్క గుంజు గుంజితే చుట్లన్నీ ఉంగరంలా జారి వచ్చాయి.

"ఇప్పుడు బోటు ఎటు పోతోందో చూడకండి. పీపాను చూడకండి. ఆఫీసరుగారి నోటికేసి చూస్తూ, ఆయన చెప్పింది వినండి, అంతే. మీరు చెప్పండి సార్, ఉన్నదున్నట్టు చెప్పండి," అని ఆమె తన నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆ నోటిని ఇక నమ్మడానికి లేదు.

ఆఫీసరు ఊపిరి బిగించి, "కుడికి," అన్నాడు.

డాక్టరుగారి చేతులు ఎప్పటిలాగే ఎడమకు తిరిగాయి. బోటు కుడికి తిరిగింది.

"ఇంకొంచెం కుడికి... అలాగే... ఇప్పుడు తిన్నగా."

పెద్దకోడలు ఎర్ర పీపా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కాపురానికొచ్చిన కొత్తలో కూడా అంత ఒద్దికగా తిరిగి ఉండదు. గొడుగాయన గాలం ఒళ్లో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. "ఎడమకి... ఎడమకి... చాలు," అంటుంటే బోటు మెట్ల దగ్గరికి వచ్చి, రేవుకు కట్టిన పాత టైరుకు మెత్తగా ఒరిగింది. మామగారి ఫ్లాస్కు మూతలోని కాఫీ తొణకలేదు.

పదకొండూ యాభై ఆరు. చిన్నకోడలు నోటిమీంచి చేతులు తీసింది.

ఆఫీసరు మెట్లమీద కూర్చుని పుస్తకంలో రాశాడు. స్టీరింగు: పనిచేయుచున్నది. ఆ కింద ఖాళీలో ఇంకా రాశాడు: వచ్చే ఆదివారంలోగా కేబులును కుడివైపు నోటికి మార్చి చూపించవలెను, అంతవరకు ఈ బోటును ఈ డాక్టరుగారు తప్ప అన్యులు నడపరాదు. రాసి, ముద్ర వేసి, కాగితం చింపి మామగారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని కళ్లజోడు పెట్టెలో, నోటీసు ఉన్నచోట పెట్టుకుని, నోటీసును తీసి చింపి జేబులో వేసుకున్నారు. తరవాత సంచిలోంచి మడతపెట్టిన ఆదివారం పేపరు తీశారు.

"ఇందమ్మాయీ. పొద్దున్న నువ్వు విప్పనేలేదు. మూడు వారాలయింది, నేను చూళ్లేదనుకున్నావా?" అన్నారు. "ఇక్కడే కూర్చుని చదువుకో. నిన్నెవరూ పలకరించరు. వచ్చే ఆదివారం నుంచి మళ్లీ నీ కిటికీ నీదే."

చిన్నకోడలు పేపరు తీసుకుంది. మామగారి టోపీ తీసి ఆయన నెత్తిన సరిగ్గా పెట్టింది.

డాక్టరుగారు చేతులు తుడుచుకుంటుంటే ఆఫీసరు పుస్తకం చంకలో పెట్టుకుని నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరుగారూ, పొద్దున్న భయపడి పారిపోయాను. ఇంక తట్టుకోలేకపోతున్నాను. ఒకసారి చూస్తారా?"

"అయ్యో, అంతకన్నానా! క్లినిక్కు పక్క వీధిలోనే. సుత్తి అక్కర్లేదు లెండి," అన్నారు డాక్టరుగారు ఉత్సాహంగా. "ఇంతకీ ఏ వైపు?"

ఆఫీసరు చెప్పడానికి నోరు తెరిచాడు. బోటు అడుగున పడి ఉన్న తెల్లదారాన్ని చూశాడు. నోరు మూసుకుని, వేలితో చూపించాడు.